గోరీ పోయింది

గౌడవెల్లి,
23 సెప్టెంబర్ 2025

మనోరమక్కకు దుర్గాబాయి శనార్తులు.

ఇక్కడ అందరం బాగున్నామని మొదటి వరుసలోనే రాయాలని నువ్వే నేర్పావు. ఈసారికి ఆ వరుస వదిలేస్తున్నాను. నీ మోకాలి ఆపరేషన్ కుట్లు మానాయా? ఉత్తరాలు రాసే కాలమా ఇది, ఫోన్ చేయరాదా అని నా కొడుకు బాలేష్ వెక్కిరిస్తాడు. రేకులు కొట్టే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పనిచేసిన చెవులు నావి. ఫోనులో నువ్వు మాట్లాడితే పక్కింట్లో మిక్సీ తిరుగుతున్నట్టు ఉంటుంది. కాగితం మీదైతే నీ మాట స్పష్టంగా వినిపిస్తుంది.

అక్కా, మా అమ్మ గోరీ పోయింది.

మొన్న పెత్రమాస. పెద్దలకు బువ్వ పెట్టే రోజు కదా, అన్నం, గారెలు, పచ్చిపులుసు గిన్నెల్లో సర్దుకున్నాను. ఆదివారం కాబట్టి బాలేష్‌కు తుర్కపల్లి కంపెనీ క్యాబ్ డ్యూటీ లేదు, బండి మీద మీ పాత ద్రాక్ష తోట దగ్గర దించాడు. తోట ఎప్పుడో ఎత్తేశారని నీకు తెలుసు. పందిరి రాళ్లు కూడా మిగల్లేదు. కానీ మూలన అమ్మ గోరీ, దాని పక్కన సీతాఫలం చెట్టు నలభై ఏళ్లుగా కదలకుండా ఉన్నాయి. ఈసారి రెండూ లేవు. ఎర్ర మొరం పోసి రోలర్ తిప్పారు. సున్నంతో గీతలు గీసి ప్లాట్ల నంబర్లు వేశారు. గిన్నె పట్టుకుని అటు పది అడుగులు, ఇటు పది అడుగులు తిరిగాను. మా అమ్మ ఎక్కడ పడుకుని ఉందో నాకే తెలియలేదు. చివరికి నలభై ఒకటో నంబరు రాయి దగ్గర బువ్వ పెట్టి వచ్చాను. అది సరైన చోటో కాదో.

నిన్న ఠాణాకు వెళ్లాను. "మా అమ్మ గోరీ పోయింది" అని కాగితం రాసి ఇచ్చాను. హెడ్ కానిస్టేబుల్ చదివి, నా చెవి దగ్గరికి వచ్చి అరిచి చెప్పాడు.

"ఏందవ్వా, పోయింది పోయింది అని రాసినవ్. అమ్మ పోయింది నలభై ఏండ్ల కింద. గోరీ ఇప్పుడు పోయింది. ఎవలన్న సంచిల ఏసుకోని పోయిండ్రా? గిది భూమి లొల్లి. సివిల్ కోర్టుకు పో."

అక్కడున్నవాళ్లు నవ్వారు. నాకు వినబడలేదు గాని కనబడింది. కాగితం నా చేతికే ఇచ్చేశాడు.

నువ్వు కోర్టుల్లో పనిచేసినదానివి. పోలీసులు రాసుకోకపోతే మాలాంటివాళ్లు ఎక్కడికి పోవాలి?

నీ దుర్గ

---

సిద్దిపేట,
2 అక్టోబర్ 2025

చెల్లె దుర్గకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి ఎర్ర పెన్ను తీసుకున్నాను. ముప్పై రెండేళ్లు కోర్టుల్లో టైపు కొట్టిన చెయ్యి ఊరికే ఉండదు.

ఆ హెడ్ కానిస్టేబుల్‌కు సంస్కారం లేదు. కానీ నీ కాగితంలో తప్పుంది, అది ముందు చెబుతాను. "పోయింది" అని రాస్తే ఎవరూ చేయకుండానే జరిగిపోయినట్టు అర్థం. మన ఊళ్లో అందరికీ ఇదే అలవాటు. దొంగ కళ్లముందే గోడ దూకినా "బిందె పోయింది" అంటాం గాని, ఫలానావాడు ఎత్తుకుపోయాడని అనం. ఎవరినీ అనకుండా బాధ చెప్పుకోవడం మనకు మర్యాద. ఫిర్యాదుకు ఆ మర్యాద పనికిరాదు. అందులో కర్త ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు. గోరీ పోలేదు దుర్గా, కూలగొట్టారు.

ఇక నీ ప్రశ్న. భూమి ఎవరిదన్న లొల్లి సివిల్ కోర్టు చూసుకుంటుంది, నిజమే. కానీ మనిషిని పూడ్చిన చోటును కావాలని పాడు చేయడం నేరం. అది పోలీసులే చూడాలి. నువ్వు చెప్పింది రాసుకుని, కేసు కట్టి, నకలు నీ చేతిలో ఉచితంగా పెట్టాలి. ఆ ఠాణా కాదంటే ఇంకో ఠాణాలోనైనా ఇవ్వవచ్చు. ఎవరూ రాసుకోకపోతే ఆ ఫిర్యాదునే పై అధికారికి పోస్టులో పంపాలి, మీ వైపు డీసీపీ. రిజిస్టర్ పోస్టులో పంపు, రసీదు పసుపుకుంకుమలా దాచుకో. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్తాం. తలుపులు చాలా ఉన్నాయి, వరుసగా కొట్టుకుంటూ పోవాలి, అంతే.

చేసినవాళ్ల పేరు నిజంగా తెలియకపోతే "గుర్తు తెలియని వ్యక్తులు" అని రాయి, చట్టం ఒప్పుకుంటుంది. మా తమ్ముడు మధుసూదన్ ఆ పొలాన్ని ఏదో కంపెనీకి అమ్మానన్నాడు. ఆ కంపెనీ వాళ్లే చేసి ఉంటారు.

రాత పని చెప్పేశాను, ఇప్పుడు మనసులో మాట. నిన్న పొద్దంతా మీ అమ్మ సత్తమ్మే గుర్తుకొచ్చింది. ద్రాక్ష పండే రోజుల్లో రేకు డబ్బా మోగిస్తూ పిట్టల్ని తోలేది. మేడ్చల్ వైపు వెళ్లే చిన్న రైలు కూత వినగానే "బడి అయింది, పిల్లలొస్తరు" అని మన కోసం ఒక గుత్తి గడ్డిలో దాచేది. తోట మా నాయినది, కావలి సత్తమ్మది. అయినా మా తోటలో మేం దొంగలమే, ఆమె ఇస్తేనే తినాలి. ఆమె కన్నుమూసిన రోజు మా నాయిన "తోట కాసింది, తోటలనే ఉండనియ్యి" అని మూలన జాగా చూపించాడు. పచ్చి సున్నం మీద మొలతో "సత్తమ్మ" అని రాసింది నేనే. తకారానికి వత్తు మరిచిపోయి మళ్లీ గీశాను. ఆ గీత ఉండేదా, నువ్వు చూస్తుండేదానివా?

నీ మనోరమ

---

గౌడవెల్లి,
16 అక్టోబర్ 2025

మనోరమక్కకు దుర్గ శనార్తులు.

ఆ వత్తు గీత ఉండేది. వానకు మిగతా అక్షరాలు అరిగినా వత్తు మాత్రం లోతుగా ఉండేది, నీ కోపమంతా దాని మీదే చూపించావు మరి. ప్రతి పెత్రమాసకు వేలు పెట్టి తడిమేదాన్ని.

నువ్వు చెప్పినట్టే డీసీపీకి రిజిస్టర్ పోస్టు చేశాను. "కూలగొట్టారు" అనే రాశాను. "గుర్తు తెలియని వ్యక్తులు" అని కూడా రాశాను. వారం తర్వాత పై నుంచి కాగితం వచ్చిందని ఠాణా వాళ్లు పిలిచారు. ఎంత సంబరంగా పోయానో. అదే హెడ్ కానిస్టేబుల్ నా ఉత్తరం చివరి వరుస మీద వేలు పెట్టి చూపించాడు.

"గిదేంది అవ్వ, తప్పు అయింది, మన్నించుండ్రి అని నువ్వే రాసిచ్చినవ్. ఇగ కేసెందుకు?"

అక్కా, నేను రాసింది "తప్పులుంటే మన్నించగలరు" అని. ఉత్తరం అన్నాక చివర అలా రాయాలని నువ్వే కదా నేర్పింది! అక్షర తప్పులకు అడిగిన మన్నింపు ఆయనకు రాజీ పత్రంలా కనబడింది. బాలేష్ వాదించాడు. "మా అమ్మ చదువు సక్కగ లేదు గని సారు, నీ చదువుకేమైంది?" అన్నాడు. దాంతో ఇద్దరినీ బయటికి పంపారు. దారంతా వాడు కోపంతో రగిలిపోతూ ఉంటే నేను నవ్వాను, వాడికి ఇంకా మండింది.

నవ్వాను గాని ఇంటికి వచ్చాక పోస్టు రసీదు పెట్టె అడుగున పెట్టేశాను. ఇక్కడితో వదిలేద్దామా అక్కా? జవహర్‌నగర్ చెత్త గుట్టల వైపు నుంచి గాలి మళ్లింది, రెండు రోజులుగా ఒకటే వాసన, కిటికీలు మూసుకుని కూర్చున్నాం. కూర్చుంటే పాత సంగతులే. మధు పుట్టిన రోజు నీకు గుర్తుందా? నీకు ఆరేళ్లు, నాకు ఐదు. కాళ్లు ముందు వచ్చాయని మీ ఇంట్లో ఏడుపులు. మా అమ్మ వెళ్లి బిడ్డను తిప్పి తీసింది. మీ అమ్మకు జ్వరం, పాలు లేవు. మా ఇంట్లో చెల్లె పుట్టి వారం బతకలేదు. ఆ పాలు మధు తాగాడు. ఏడాది వరకు మా అమ్మ ఒళ్లోనే. మా అమ్మకు ఇద్దరే పిల్లలు, నేనూ వాడూ అని ఊళ్లో అనేవాళ్లు.

మధు ఎలా ఉన్నాడు? నీతో మాట్లాడుతుంటాడా?

దుర్గ

---

సిద్దిపేట,
27 అక్టోబర్ 2025

చెల్లె దుర్గకు,

మన్నింపు సంగతి చదివి నేనూ నవ్వాను, తర్వాత సిగ్గుపడ్డాను. ఉత్తరం రాయడం నేర్పాను గాని ఫిర్యాదు రాయడం నేర్పలేదు. రెండూ వేరని నాకు తెలిసీ చెప్పలేదు.

వదిలేద్దామన్న మాట నీ నోట రాకూడదు. మధుతో మాట్లాడాను. గోరీ సంగతి చెప్పగానే నా మోకాలి గురించి అడిగాడు. తర్వాత "నాకేం తెల్వదక్కా, కంపెనోళ్లు చేసుంటరు. నేనడుగుత తియ్యి" అన్నాడు. అవసరమైతే ఠాణాలో చెబుతానన్నాడు. వాడిప్పుడు నాయకుల పక్కన తిరుగుతున్నాడు కదా, ఆ మాత్రం పలుకుబడి ఉంటుంది. ఒకసారి వెళ్లి కలువు. నీ తల్లి పాలు పంచుకున్నవాడు, కాదంటాడా?

అయినా వాడి కోసం ఆగనక్కర్లేదు. రెండు తలుపులు కొట్టావు, మూడోది మేజిస్ట్రేట్. మేడ్చల్ కోర్టులోనే ఉచిత న్యాయ సహాయం ఉంది, ఆడవాళ్లకు లాయరును ఊరికే ఇస్తారు. అశ్రిత అని ఒక చిన్నమ్మాయి ఉందట, మా పాత బెంచి గుమాస్తా చెప్పాడు, శ్రద్ధగా చూస్తుందట. ఠాణాకు ఇచ్చిన కాగితం, పోస్టు రసీదు తీసుకుని వెళ్లు. పోలీసుల మాట కూడా విని మేజిస్ట్రేట్ కేసు కట్టమని ఆర్డర్ వేయవచ్చు.

కానీ దుర్గా, అక్కడ ప్రమాణ పత్రం ఇవ్వాలి. నేను చెప్పినదంతా నిజమని ఒట్టు వేసి సంతకం. తెలిసీ తెలియదని రాస్తే అదే ఒక నేరం అవుతుంది. నీ రెండు ఉత్తరాల్లోనూ నాకేదో తేడా కనబడుతోంది. తెలియనివాళ్ల మీద మనిషికి కోపం వస్తుంది, నీకు కోపం రావడం లేదు, భయం వస్తోంది. పేరు తెలిస్తే రాయి. ఎంత పెద్దవాడైనా సరే, రాయి. నేనున్నాను.

నీ మనోరమ

---

గౌడవెల్లి,
5 నవంబర్ 2025

అక్కా,

ఒట్టు వేసి అబద్ధం రాయలేను. నిజం రాస్తే నువ్వు నాకు మిగలవు. అందుకని అసలు రాయకుండా ఉందామనుకున్నాను. నువ్వు ఉండనివ్వడం లేదు.

పెత్రమాస నాడు గోరీ లేదని చూసిన తర్వాత నేను మొదట ఠాణాకు వెళ్లలేదు. మధు ఆఫీసుకు వెళ్లాను. మనవాడు, నాయకుడు, చెప్తే చేస్తాడని పోయాను. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. నా చెవి దగ్గరికి వంగి ఒక్కో మాట విడదీసి చెప్పాడు.

"నేనే తీయించిన దుర్గక్క. వెంచర్ల నాకు గూడ వాటా ఉంది. గోరీ కనవడితె ప్లాట్ ఎవడు కొంటడు? పరేషాన్ గాకు, మంచి జాగ చూసి పెద్దగ కట్టిస్త."

ఎముకలెక్కడ అని అడిగాను. మట్టితో పాటు టిప్పర్లో వెళ్లాయట. ఏ టిప్పరో, ఎక్కడ పోశారో వాడికి తెలియదు. అది మాత్రం తల వంచుకుని చెప్పాడు. ఇంకేం కట్టిస్తాడు, దేని మీద కట్టిస్తాడు?

ఆ గోరీకి శామీర్‌పేట చెరువు గట్టు నుంచి రాళ్లు మోసింది వాడే. ఇరవై ఏళ్ల పిల్లగాడు, భుజం చెక్కుకుపోయినా కూలివాళ్లను ముట్టనివ్వలేదు. నువ్వూ చూశావు. ఆ చేతులే అక్కా. అందుకే నాకు కోపం రాలేదు. భయం వేసింది, నిజమే. నీకు తెలిస్తే ఏమైపోతామోనని.

ఇది చదివి చింపేయి. నేను లాయరు దగ్గరికి పోను.

దుర్గ

---

సిద్దిపేట,
15 డిసెంబర్ 2025

దుర్గా,

నలభై రోజులు నీకు జవాబు రాయలేదు. రాయలేదనడం కూడా అబద్ధమే, మూడు రాశాను, మూడూ చింపాను. మొదటి దానిలో "జరిగిందేదో జరిగిపోయింది" అని రాశాను. రాసి చూసుకుంటే నీకు ఎర్ర పెన్నుతో దిద్దిన తప్పు నా కాగితంలోనే ఉంది. రెండో దాంట్లో మధు పిల్లల గురించి, మా ఇంటి పరువు గురించి రాశాను. మూడోది నిన్ను తిడుతూ రాశాను. ఎందుకు చెప్పావని.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. రెండేళ్ల కింద మధు ఒక కాగితం తెచ్చాడు. ఆడబిడ్డను కదా, అమ్మకానికి నా సంతకం కావాలట. అందులో ఒక వరుస ఉంది. "ఈ భూమిలో గుడి గాని, గోరీ గాని, బావి గాని లేవు" అని. చదవకుండా పెట్టానని నీకు చెప్పుకోవచ్చు, నమ్ముతావు. కానీ బతుకంతా చదవని కాగితం మీద వేలు పెట్టనిదాన్ని. చదివాను. "గోరీ ఉంది కదరా" అన్నాను. "పక్కకు జరుపుతం తియ్యి అక్కా" అన్నాడు. గోరీని పక్కకెలా జరుపుతారని అడగలేదు. సంతకం పెట్టాను. వాడు బండి స్టార్ట్ చేసి ఉంచాడు, నాకు టీవీలో ఏదో వస్తోంది. అంత తేలిగ్గా అయిపోయింది.

చూశావా, మళ్లీ "అయిపోయింది" అంటున్నాను. నేను చేశాను.

నీ మొదటి ఉత్తరం చదివి ఏడ్చానన్నాను కదా, అందులో సగం ఈ ఏడుపే. కంపెనీ వాళ్లు చేసి ఉంటారని రాశాను. అలా అనుకుంటే నాకు నిద్ర పట్టేది.

మొన్న మధును పిలిచి అడిగాను. ఒప్పుకున్నాడు. "నువ్వు సంతకం వెట్టలేదా?" అన్నాడు. పెట్టాను, అదే వచ్చి కోర్టులో చెబుతానన్నాను. వాడు కళ్లు తుడుచుకుంటూ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మా నాయిన పోయాక వాడిని అంతగా ఏడిపించింది నేనే.

దీనితో పాటు టైపు చేసిన ఫిర్యాదు పంపుతున్నాను, కర్తతో సహా. గోరీ అక్కడ ఉండేదని, దాని మీద పేరు నా చేత్తో రాశానని, లేదన్న కాగితం మీద సంతకం కూడా నేనే పెట్టానని నా ప్రమాణ పత్రం వేరే ఉంది. అశ్రితతో మాట్లాడాను. కర్ర పట్టుకుని నడుస్తున్నాను, జనవరిలో కోర్టు తేదీకి వస్తాను. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే నిలబడతాను, కానీ కూతురివి నువ్వు, అడగాల్సింది నువ్వు.

నేను నీకు మిగలనేమోనని భయపడ్డావు. ఇప్పుడు ఆ భయం నాది.

మనోరమ

---

గౌడవెల్లి,
9 ఫిబ్రవరి 2026

మనోరమక్కకు నీ చెల్లె దుర్గ శనార్తులు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఈ వరుస రాసి చాలా రోజులైంది.

ఆ రోజు కోర్టు వరండాలో నువ్వు నా పక్కన కూర్చున్నప్పుడు ఎన్నో మాట్లాడాలనుకున్నాను. నాకు వినబడదని నువ్వు, నువ్వు అలసిపోయావని నేను, ఇద్దరం ఊరికే కూర్చున్నాం. నువ్వు సంచిలోంచి ద్రాక్ష గుత్తి తీసి నా కొంగులో పెట్టావు చూడు, అప్పుడు నాకు మా అమ్మ డబ్బా చప్పుడు వినిపించింది. ఈ చెవుల్లోనే. బాలేష్‌తో చెబితే డాక్టరుకు చూపిస్తానంటాడు.

మేజిస్ట్రేట్ ఆర్డర్ ఠాణాకు చేరింది. నిన్న పిలిచారు. అదే హెడ్ కానిస్టేబుల్. ఈసారి నన్ను కూర్చోబెట్టాడు. ఆ మూలన పని ఆపించారట, టిప్పర్ల వాళ్లను పిలిచి మట్టి ఎక్కడ పోశారో అడుగుతారట. దొరుకుతుందో లేదో. దొరికినా అందులో మా అమ్మను ఎలా పోల్చుకోవాలి? అయినా అడుగుతున్నారు. ఎవరో ఒకరు అడగాలి కదా.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను, కోప్పడకు. నువ్వు టైపు చేసిన ఫిర్యాదులో నా పెన్నుతో రెండు మాటలు కలిపాను. నువ్వు "మధుసూదన్" అని, మీ నాయిన పేరు, ఇంటి నంబరు రాశావు. దాని ముందు నేను "మా తమ్ముడు" అని రాశాను. అశ్రిత వద్దంది. కేసు బలం తగ్గుతుందట. నేను వినలేదు, వినబడలేదని అనుకున్నట్టుంది పాపం.

హెడ్ కానిస్టేబుల్ కూడా అక్కడే ఆగాడు.

"గీ తమ్ముడేంది అవ్వ? గాయన మీ ఇంటోడా? రేపు ఇంటి లొల్లి అని కొట్టేస్తరు. తీసేస్తున్న."

"తీసెయ్యకు సారు," అన్నాను. "పరాయోడైతె గోరీ పోయింది అనుకోని ఊకునేదాన్ని. తమ్ముడు గనుకనే కేసు వెట్టిన."

ఆయన ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. నకలు ఊరికే ఇచ్చాడు, ఇందులో పెట్టాను. మూడో వరుస చదువు.

దుర్గ